చెక్క లారీ వెనక్కి జరిగిన పొద్దు

అరవై ఎనిమిదో సంవత్సరం డిసెంబరులో మా ఇంట్లో పసి యేసుని చూడ్డానికి ముగ్గురు జ్ఞానులూ లారీ మీద బయల్దేరారు. లారీల ఊరు సాలూరులో పుట్టిన పిల్లలకి ఒంటెలంటే ఏం తెలుస్తుంది? లారీ అయితే హారను విని అది ఎవరి బండో, లోడు మీదుందో ఖాళీగా వస్తోందో కూడా చెప్పేస్తారు.

ఆ లారీ చెక్కది. బాడీలు కట్టే షెడ్డులో మిగిలిన టేకు ముక్కతో మా ఆయన చేయించాడు. జానెడు పొడుగు, నాలుగు చక్రాలూ తిరిగేవి, వెనక తలుపు తెరుచుకునేది. నెత్తి మీద పచ్చరంగుతో 'యోనా' అని తన పేరు రాయించుకున్నాడు. ఆయన తోలే అసలు బండి షావుకారు గణపతిరావుగారిది, దాని మీద ఈ భోగం లేదు. చెక్క లారీలో డ్రైవరు సీటు ఖాళీగా ఉండేది. అందులో ఏదో ఒక బొమ్మని కూర్చోబెడదామంటే ఒప్పుకునేవాడు కాదు. పేరు రాసుంది కదా, డ్రైవరు నేనే, అనేవాడు.

జ్ఞానులు కూడా అంతంత మాత్రమే. ఒకడు కిరీటం అంచు విరిగిన లక్కబొమ్మ రాజు. రెండోవాడు మా రూతు బొగ్గుతో మీసాలు దిద్దిన మంత్రి. మూడోవాడు అంతకుముందు ఏడు ఎక్కడో పడిపోతే ఆ చోట్లో చెక్క చిలకని కూర్చోబెట్టాం. "సిలక జ్ఞాని కాదేటి? మన సినబాబు కంటే ఎక్కువ మాటలొచ్చు దానికి" అన్నాడు మా ఆయన. చినబాబుకి అప్పుడు నాలుగేళ్ళు, రూతుకి ఏడు. ఇద్దరూ చిలకని ఒప్పేసుకున్నారు.

గది గుమ్మం దగ్గర్నుంచి ఎదుటి మూల దాకా కుండలు బోర్లించి, చేటా రోకలీ అడ్డంపెట్టి, పైన పాత టార్పాలిను ముక్క కప్పితే అదే ఘాటు రోడ్డు. మలుపులు ముగ్గుపిండితో గీసేదాన్ని. మూలన గంపలో గడ్డి పరిస్తే పశువుల పాక. అందులో పసిబొమ్మని పెట్టడానికి మా అత్త దానమ్మ ఒప్పుకోలేదు కాబట్టి చిన్న దీపపు బుడ్డి పెట్టాను. క్రిస్మస్ పండగ నాటి పొద్దున్న లారీ అక్కడికి చేరాక ఆ బుడ్డి వెలిగించాలి.

ఈ ఆట నేను బోర్డింగు బడిలో చూసింది. మా దొరసాని మేం లేచేలోపు చెక్క గొర్రెల్ని రోజుకో మెట్టు ఎక్కించి పెట్టేది. ఎనిమిదో తరగతి మధ్యలో మానిపించి నాకు పెళ్ళి చేశారు. లెక్కలూ ఇంగ్లీషూ అక్కడే ఉండిపోయాయి గానీ గొర్రెలు నాతో వచ్చేశాయి. మా ఇంట్లో అవి లారీ అయ్యాయి. పొయ్యి రాజేసి ఎసరు పెట్టాక, అది మరిగేలోపు నా పని అయిపోవాలి. లారీని జానెడు ముందుకి జరపడం, దారిలో ఏదో ఒక వేషం కట్టించడం. ఒకరోజు చిలక ఉప్పుజాడీలో తలకిందులుగా దొరికేది. ఒకరోజు రాజుగారు చెంబులో నీళ్ళాడుతుంటే కిరీటం మీద మంత్రి కాపలా. ఒకరోజు చీపురుపుల్లతో గేటు వేసి, పక్కన మట్టి పోలీసుని నిద్రపుచ్చాను. ఆ ఏడు కొండల్లో నక్సలైట్ల గొడవలు మొదలయ్యాయి, అసలు ఘాటు మీద కూడా అడుగడుక్కీ పోలీసు గేట్లే. లారీలో లోడు ఎప్పుడూ బెల్లం ముక్కలూ వేరుశనక్కాయలే. పిల్లలు కళ్ళు నులుముకుంటూ వచ్చి లోడు దింపుకునేవారు.

అత్త మాత్రం మొహం తిప్పుకునేది. ఆమె మిషను ఆస్పత్రిలో ఆయా. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆ రోజుతో ముక్కుపుడకా, అడ్డపొగా రెండూ వదిలేసిందని ఊరంతా చెప్పుకుంటారు. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మా వైపు ఆడవాళ్ళకి ప్రాణంతో సమానం. అలాంటిది వదిలేసింది.

"బొమ్మలకి దండం ఎట్టడం మానేసే కదే మేం పెబువులోకి వచ్చింది. నువ్వేటి, మళ్ళీ కొలువు దీర్సినావు" అనేది నన్ను. ఊడ్చేటప్పుడు కూడా చీపురు ఆ టార్పాలిను చుట్టూ తిప్పేది తప్ప ఒక్క బొమ్మనీ వేలితో ముట్టుకునేది కాదు.

నెల మొదటి ఆదివారం మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. చినబాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని లారీని ఎత్తు మీద ఆపించాడు. చక్రం వెనక ఒక గులకరాయి పెట్టించాడు. వాడు లారీని లాగేసుకుని పరిగెత్తితే చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాడు.

"రాయెక్కడరా?"

వాడు రోడ్డు మీద ఉండిపోయిన రాయిని చూపించాడు.

"ఎల్లిపోయేటప్పుడు తీసి పక్కనెట్టాల. నువ్వు వదిలీసిన రాయి మీదకి ఎనకొచ్చేవోడు సీకట్లో ఎక్కిస్తాడు. రోడ్డు మీద రాయి వదిలీసినోడు డ్రైవరు కాదు."

ఆయనకిదొక పిచ్చి. ఘాటులో ఎవడో వదిలేసిపోయిన రాయి కనిపిస్తే బండి ఆపి దిగి మరీ పక్కన పడేసేవాడని తోటివాళ్ళు నవ్వేవారు.

ఆ శుక్రవారం బయల్దేరాడు. డ్రైవరు ఇంట్లో రెండు మాటలు అనకూడదు. 'ఎక్కడికి' అనకూడదు, 'ఎప్పుడొస్తావు' అనకూడదు. పెళ్ళయిన కొత్తలోనే మా అత్త నా నోటికి ఆ గడి వేసింది. నేను చెంబుతో నీళ్ళిచ్చాను, ఆయన తాగాడు, మంచిది అన్నాను. అంతే. లోడు ఏమిటో, కొండ ఎక్కుతాడో, విజయనగరం వైపు దిగుతాడో నాకు తెలీదు. ఎటు వెళ్ళినా నాలుగైదు రోజుల్లో వీధి మొదట్లో రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగుది వినిపించేది. పిల్లలు అన్నం కంచాలు వదిలేసి పరిగెత్తేవారు.

ఆరో రోజు వినిపించలేదు. ఎనిమిదో రోజూ వినిపించలేదు.

తొమ్మిదో రోజు పొద్దున్న చినబాబు లోడు దింపుకోలేదు. లారీ ముందు కూర్చుని నాన్న ఏడీ అన్నాడు. నా చేతిలో పిండి, పొయ్యి మీద పెనం, గుండెల్లో అప్పటికే రెండు రోజుల భయం. ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టాలని, "ఇదిగో, ఈ లారీ ఎక్కడుందో నాన్న లారీ కూడా అక్కడే ఉంది. ఇది పాక దగ్గరికి చేరేసరికి నాన్న వచ్చేస్తాడు" అన్నాను.

నోరు జారిన మాట ఒకటి ఇంత బరువుంటుందని నాకప్పుడు తెలీదు. మర్నాటి నుంచి పిల్లలకి అది ఆట కాదు, టెలిగ్రాం. లేవగానే నీళ్ళు కూడా పుక్కిలించకుండా టార్పాలిను దగ్గరికి వచ్చి కొలుచుకునేవారు. రూతు వేళ్ళు పెట్టి పాక దాకా ఎన్ని జానలున్నాయో లెక్కేసి తమ్ముడికి చెప్పేది. నేను జరపకపోతే ఇద్దరి మొహాలూ వాడిపోతాయి. జరిపితే పండగ ఒక రోజు దగ్గరవుతుంది. ఆ రోజు లారీ వచ్చి మనిషి రాకపోతే? పొయ్యి రాజేసి ఆ చెక్క ముక్క మీద చెయ్యి వేసి, ఎసరు చప్పుడయ్యేదాకా అలాగే కూర్చునేదాన్ని. వేషాలు కూడా తోచేవి కావు. మూడు రోజులు వరసగా చిలకని ఉప్పుజాడీలోనే పెట్టాను.

లారీ స్టాండుకి వెళ్ళి గుమస్తాని అడిగితే ఒక్క నిమిషం పని. కానీ మా వీధిలో డ్రైవర్ల పెళ్ళాలు స్టాండుకి వెళ్ళరు. అక్కడికి వెళ్ళిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురే, వాళ్ళు ఎందుకు వెళ్ళారో అందరికీ తెలుసు. ఏం జరగకుండా వెళ్తే బండికి కీడు తెచ్చినట్టు. అత్తని అడిగాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా, వద్దంది.

పదిహేడో తారీఖున కొళాయి దగ్గర పక్కింటి నీలవేణి నా బిందె తన బిందె కంటే ముందుకి జరిపింది. ఎప్పుడూ వంతు కోసం కొట్లాడే మనిషి. ఏమిటన్నాను. చెప్పనా వద్దా అని కాసేపు నలిగి, ఘాటు మీద సుంకి దిగుడులో ఏదో బండి లోయలోకి పోయిందట, నెంబరు కనబడటం లేదట, అంది. అని, మన బండి అయ్యుండదులే అని కూడా అంది.

ఆ సాయంత్రం అప్పలసూరి వచ్చాడు. మా ఆయనకి తోటి డ్రైవరు, బావా బావా అనుకుంటారు, నన్ను చెల్లెమ్మా అంటాడు. ఎప్పుడొచ్చినా తిన్నగా లోపలికొచ్చి టీ అడిగే మనిషి ఆ రోజు గుమ్మం బయటే నిలబడ్డాడు. పిల్లలకని వేరుశనక్కాయల పొట్లం ఇచ్చాడు. నావైపు చూడలేదు. గుమ్మంలోంచి టార్పాలిను రోడ్డూ, దాని మీద లారీ కనబడుతుంటే అటే చూస్తూ, "పండగ బాగా సెయ్యి సెల్లెమ్మా" అని వెళ్ళిపోయాడు. అడగాల్సిన మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. పదేళ్ళు నోరు కట్టుకున్నదాన్ని, ఆ గడి అంత సులువుగా తియ్యలేకపోయాను.

ఇరవయ్యో తారీఖు పొద్దున్న లారీ వెనక్కి వెళ్ళింది.

ముందు నేనే తప్పు చూశాననుకున్నాను. కాదు. నిన్న నేను జరిపి పెట్టిన మలుపు దగ్గర చక్రాల గుర్తులు ముగ్గుపిండిలో అలాగే ఉన్నాయి. లారీ మాత్రం దానికి జానెడు వెనక ఉంది. పొరపాటున తగిలి జరిగింది కాదు, రోడ్డు వంపుకి సరిగ్గా తిప్పి పెట్టినట్టుంది. నేను దాన్ని రెండు జానలు ముందుకి జరిపాను. రూతు లేచాక అడిగాను. నేను కాదంది. మళ్ళీ అడిగాను. నేను కాదమ్మా అని, నీకెందుకంత కోపం అన్నట్టు చూసింది. చెంప మీద ఒకటి కొట్టాను. అది ఏడవలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. అప్పుడు నాకు నా చెయ్యే పరాయిదిగా కనిపించింది.

ఆ రాత్రి రూతుని నా పక్కనే పడుకోబెట్టుకుని దాని మీద చెయ్యి వేసుకుని పడుకున్నాను. తెల్లారేసరికి అది అలాగే ఉంది. లారీ లేదు, అంటే పెట్టిన చోట లేదు. మళ్ళీ జానెడు వెనక్కి.

దీపం దగ్గరికి తెచ్చి చూశాను. ముగ్గుపిండి తెల్లగా ఉంది. దాని మీద, చక్రాల పక్కన, చిటికెడు బూడిదరంగు నుసి. వేలితో తీసి వాసన చూశాను. చుట్ట నుసి.

మా ఇంట్లో చుట్ట కాల్చేవాళ్ళు లేరు. ఒకప్పుడు కాల్చేవాళ్ళు ఒకరున్నారు.

అత్త పెరట్లో చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున్నే ఏరాల్సినన్ని బియ్యం మా ఇంట్లో ఏనాడూ లేవు. ఇరవై ఏళ్ళ కిందట మానేసిన చుట్టని మళ్ళీ అంటించేటంత కష్టం, ముట్టనన్న బొమ్మని వేళ్ళతో పట్టుకునేటంత కష్టం ఏదో ఆ మనిషికి తెలిసింది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, ఆయన ఎక్కడున్నాడు?"

ఆ మాట అన్నందుకు ఆమె నన్ను తిట్టలేదు. చేట పక్కన పెట్టింది.

"కోరాపుట్టు ఆస్పత్రిలో. బతికున్నాడు. ముందు అది ఇను."

విన్నాను.

"కాలు తీసీసినారు. మోకాలి కిందకి."

ఎన్నాళ్ళయిందని అడిగాను. పదకొండు దినాలు, అంది. అప్పలసూరి మిషను ఆస్పత్రికి వచ్చి తనకి చెప్పాడట. లోయలో పడింది వేరే ఊరి బండట. పండగ వెళ్ళేదాకా ఇంట్లో చెప్పొద్దని మా ఆయనే ఒట్టు వేయించుకున్నాడట. పదకొండు రోజులూ ఈ మనిషి పనికి వెళ్ళింది, వచ్చింది, నా ముందు అన్నం తింది, పిల్లలకి పేలు చూసింది.

"నేనేమన్నా పసిదాన్నా" అన్నాను. అనేసరికి నాకే ఎక్కడో తగిలింది. గదిలో నిద్రపోతున్న ఇద్దరి కోసం నేను రోజూ పొద్దున్నే చేస్తున్నదేమిటి?

అత్త కళ్ళు తుడుచుకోలేదు. అవి వాటంతటవే కారుతున్నాయి. "నువ్వు రోజూ ముందుకి తోస్తన్నావు. పండగనాటికి పాకకాడికి సేరిపోతాది. ఆ గుంటలిద్దరూ గుమ్మంకేసి సూస్తారు. అప్పుడు నానేటి సెయ్యాల? పెబువుకి మొర ఎట్టుకున్నాను, నిద్దర రాలేదు. అందుకే లాగీసినాను."

చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని, "పిల్లని కొట్టకే" అంది.

ఎసరు మరిగి మరిగి పొయ్యిలోకి పొంగిన చప్పుడు వినిపించింది. ఇద్దరం లేవలేదు.

పిల్లలు లేచాక రూతుకి జడ వేశాను. రెండు పాయల జడకి అంతసేపు పట్టదు, అయినా వేస్తూనే ఉన్నాను. "నాను కాదని సెప్పినానా" అంది అది, మామ్మ మాటతీరుతో. చెప్పావు, నాదే తప్పు, అన్నాను. ఆ తర్వాత ఇద్దర్నీ టార్పాలిను దగ్గర కూర్చోబెట్టి, మొదటిసారి వాళ్ళ కళ్ళ ముందే లారీని చేతిలోకి తీసుకున్నాను. రాత్రి ఇది తనంతట తను నడవదని వాళ్ళకి తెలియడం ఒక బాధ. అంతకంటే పెద్దది చెప్పాలి కాబట్టి ఆ బాధ చిన్నదైపోయింది.

"లారీ ఆగిపోయింది. నాన్న కాలికి పెద్ద దెబ్బ తగిలింది. పండగకి రాలేడు. నేను వెళ్ళి తీసుకొస్తాను."

చినబాబు మూతి వంకర తిరిగింది. రూతు నా చేతిలోంచి లారీ తీసుకుని మలుపు దగ్గర పెట్టింది. ఆగిపోయిన బండి ఎలా ఉండాలో దానికి తెలుసు. పెరట్లోకి వెళ్ళి గోరింట కొమ్మలు తుంచుకొచ్చి, ఎదర కొన్ని, వెనక కొన్ని రోడ్డు మీద పరిచింది. చక్రం వెనక గులకరాయి పెట్టింది.

"మరి జ్ఞానులో?" అన్నాడు చినబాబు.

"దిగి నడుస్తారు" అంది రూతు.

వాడు ఆలోచించాడు. "సిలక ఎగురుతాది" అన్నాడు.

మర్నాడు అప్పలసూరి బండిలో కొండెక్కాను. ఈసారి బయటినుంచే హారను కొట్టబోయి, లోపలికొచ్చి టీ తాగాడు. తలదించుకునే తాగాడు. అత్త నాకు దుప్పటీ, రొట్టెలూ మూట కట్టింది. నేను గడప దాటుతుంటే, "ఎప్పుడొస్తావే?" అంది. పదేళ్ళలో ఆ మాట ఆ ఇంట్లో అదే మొదలు. ఆయన్ని లేపి నిలబెట్టాక, అన్నాను.

సుంకి దాటాక ఒక మలుపులో బండి ఆపి అప్పలసూరి చేత్తో చూపించాడు. దిగి చూశాను. కొండవైపు గట్టుకి లారీ గీసుకున్న గాటు ఉంది. రోడ్డు పక్కన కొబ్బరికాయంత రాయి ఒకటి. ఎవడో ఎత్తులో బండి ఆపుకుని, చక్రానికి పెట్టుకుని, వదిలేసి పోయిన రాయి. అది తియ్యడానికి మా ఆయన దిగాడు. ఆ రోజు క్లీనరు లేడు. ఒక్క నిమిషం పనే కదా అని తన చక్రానికి రాయి పెట్టుకోలేదు. దిగుడు. రాయి ఎత్తడానికి వంగి ఉండగానే తన బండే మీదకి వచ్చింది. ఎదురొచ్చిన లారీ కోరాపుట్టు వైపు పోతుంటే అందులో ఎక్కించారు.

"ఆ రాయిని నాను పక్కకి దొర్లించినాను సెల్లెమ్మా" అన్నాడు అప్పలసూరి, అదేదో తను నాకు బాకీ ఉన్నట్టు.

నేను దాన్ని చాలాసేపు చూశాను. దానికి ఏ గుర్తూ లేదు.

ఆస్పత్రి మంచం మీద మా ఆయన చిన్నగా కనిపించాడు. దుప్పటి ఒకవైపు చదునుగా ఉంది. నేను అటు చూడకుండా ఉండాలని చూశాను, ఆయన నేను చూస్తున్నానా అని చూశాడు. ఎందుకొచ్చావనీ, ఎవరు చెప్పారనీ అనలేదు.

"లారీ ఎంతవరకు వచ్చింది?" అన్నాడు.

అది ఏ లారీయో నాకు అర్థమైంది.

"మలుపులో ఆగింది. కొమ్మలు వేశారు. రాయి పెట్టారు" అన్నాను.

ఆయన గోడవైపు తిరిగాడు. ఆ ఏడు క్రిస్మస్ అదే. వార్డులో ఎవరో ఒడియాలో పాట పాడుతుంటే రొట్టె నానబెట్టి తినిపించాను.

నెల రోజులు అక్కడే ఉన్నాను. పుండు కడగడం, పక్క మార్చడం, మనిషిని నొప్పి తెలియకుండా ఒత్తిగిలించడం నేర్చుకున్నాను. మిగతా మంచాల వాళ్ళు కూడా పిలిచేవారు, వెళ్ళేదాన్ని. ఆ సంగతి అప్పలసూరి ద్వారా ఇంటికి వెళ్ళింది. జవాబుగా అత్త కబురు పెట్టింది. తనకి మోకాళ్ళు పనిచెయ్యడం లేదనీ, ఫిబ్రవరి ఒకటి నుంచి మిషను ఆస్పత్రిలో తన చోట్లో నన్ను ఆయాగా తీసుకుంటామన్నారనీ.

జనవరి నెలాఖరులో దిగాం. ఘాటు దిగుతుండగా ఆ ఉద్యోగం మాట ఆయనకి చెప్పాను. నడిపిస్తున్నది అప్పలసూరి, మధ్యలో నేను, అటు అంచున ఆయన, చంకలో కర్ర. పదిహేనేళ్ళు తను తోలిన రోడ్డుని పక్క సీట్లోంచి చూస్తున్నాడు. ప్రతి మలుపుకీ కుడికాలు ఉన్న చోట తొడ బిగుసుకునేది, బ్రేకు తొక్కుతున్నట్టు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. సాలూరు వచ్చేదాకా ఆ మౌనాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

వీధి మొదట్లో అప్పలసూరి రెండు పొట్టివి, ఒక పొడుగుది కొట్టాడు. మా ఆయన హారను. పిల్లలు పరిగెత్తుకు రాలేదు. గుమ్మంలో అత్త నిలబడి, లోపలికి రండి, అని చేత్తో సైగ చేసింది. నవ్వు ఆపుకుంటున్న మొహం. ఆ మొహాన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

గదిలో ఘాటు రోడ్డు అలాగే ఉంది. నెల రోజులు దాన్ని తియ్యనివ్వలేదట, అత్తే కాపలా కాసిందట. ముగ్గుపిండి కొత్తగా గీసి ఉంది. గీత పిల్లలు గీసినట్టు వంకరటింకరగా పోలేదు, పెద్దవాళ్ళ చెయ్యి పడింది. రాజూ మంత్రీ నడిచి వెళ్ళి పాక ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. చిలకని దారంతో దూలానికి కట్టారు, ఎగురుతోంది. బుడ్డి వెలిగించలేదు, వత్తి నూనెలో నానుతూ ఉంది. ఎండిపోయిన గోరింట కొమ్మల మధ్య, అదే మలుపులో, లారీ. చక్రం వెనక రాయి.

పిల్లలిద్దరూ మంచం వెనక దాక్కుని ఉన్నారు. నాలుగు కాళ్ళు కనిపిస్తున్నాయి.

మా ఆయన గోడ పట్టుకుని, నా భుజం పట్టుకుని, నేల మీదికి దిగి కూర్చున్నాడు. కర్ర పక్కన పెట్టాడు. లారీని ముట్టుకోకుండా వంగి చూశాడు. డ్రైవరు సీటులో తలమీద కుండ విరిగిపోయిన మట్టి గొల్లభామ ఇరుక్కుని కూర్చుని ఉంది. దాని పక్కన, కిటికీ వైపు, చీపురుపుల్ల ముక్క చంకలో పెట్టుకున్న మట్టి పోలీసు.

"ఎవలర్రా డ్రైవరు?" అన్నాడు.

మంచం వెనకనుంచి చినబాబు బయటికి వచ్చాడు. నాన్న పంచె కింద ఏముందో లేదో చూడకూడదని ఎవరో గట్టిగా చెప్పినట్టున్నారు, మెడ ఎత్తి మొహమే చూస్తున్నాడు.

"అమ్మ. నీ కాలు బాగోలేదు కదా. నువ్వు పక్కన కూకుని రోడ్డు సెప్తావు" అన్నాడు.

అత్త గుమ్మంలో కదలకుండా నిలబడింది. రూతు సగం బయటికి వచ్చి ఆగిపోయింది. ఆయన లారీ మీద ఉన్న తన పేరుని చూశాడు. గొల్లభామని చూశాడు. తర్వాత తల తిప్పి నన్ను చూశాడు, ఘాటు దిగినంతసేపూ చూడనిదంతా కలిపి.

"అలగయితే ఆ రాయి తియ్యరా. బండి కదలాల" అన్నాడు.

చినబాబు వంగి రాయి తీశాడు. రోడ్డు మీద వదల్లేదు. అటూ ఇటూ చూసి, నాన్న అరచెయ్యి విప్పి అందులో పెట్టాడు.